పలికిన పలక

ప్లాస్టిక్‌కి ప్రాణం లేదంటారు. లేకపోతే లేదు గానీ, మనిషికి లేని సుగుణం ఒకటి దానికుంది. మనిషి మాట ఇచ్చి మరిచిపోతాడు. ప్లాస్టిక్ మాట పుచ్చుకుని మరిచిపోదు.

ఈ సంగతి కనిపెట్టినావిడ డాక్టర్ హైమవతి. కనిపెట్టడానికి ఆవిడేం కంకణం కట్టుకోలేదు. విశాఖపట్నంలో, సముద్రం కనిపించే ఒక ప్రయోగశాలలో, కాలిపోయిన గోడౌన్‌లోంచి తెచ్చిన హెల్మెట్ ప్లాస్టిక్ ముసుగు ఒకటి దీపం కింద పెట్టి, అది ఎక్కడెక్కడ బిగుసుకుందో కొలుస్తోంది, అంతే. ముసుగు మెల్లగా వేడెక్కింది. కొలిచే యంత్రం సూది వణికింది. ఆ వణుకులో ఏదో వరస కనిపించి, దాన్ని టేపులోకి పట్టి, స్పీకర్‌కి కలిపి, తిరగేసి విన్నది. ఎవరిదో మగగొంతు, దగ్గుతూ, "తాళంచెవి... ఒరే, తాళంచెవి ఎక్కడ పెట్టార్రా?" అంది.

సహాయకురాలు ఫిలోమినా చేతిలోంచి టీ గ్లాసు జారిపడింది. అది గాజుది కాబట్టి పగిలి ఊరుకుంది, మాట్లాడలేదు.

కిటుకు పెద్దదేం కాదు. కమ్మరి ఎర్రగా కాల్చిన కొడవలిని నీళ్లలో ముంచితే దాని పదును దానికి అతుక్కుపోతుంది చూడండి, అలాగే. మంటకి మెత్తబడ్డ ప్లాస్టిక్ పలక చుట్టుపక్కల మాటలన్నిటికీ వణుకుతూ ఉంటుంది. ఆ పళంగా నీళ్లు పడ్డాయా, ఆ వణుకులన్నీ పొరలు పొరలుగా గడ్డకడతాయి. మళ్లీ వెచ్చచేస్తే వదులై బయటికొస్తాయి. చిక్కల్లా రెండే. మొదటిది: పైపొర ముందు కరుగుతుంది గనక చివరి మాట మొదట వస్తుంది, మొదటి మాట చివర వస్తుంది. రెండోది: ఒకసారి పలికిన పొర తేటగా అయిపోతుంది. మాట ఖర్చు. టేపు పట్టుకున్నంతే మిగులు.

ఈ వార్త పత్రికలో పడ్డ కొన్నాళ్లకి, కళింగపట్నం దగ్గర జాలర్ల వలలో ఒక విమానం ముక్కు పడింది. చేపలకి వేసిన వలలో లోహపు ముక్కు! వాయుసేనవాళ్లు వచ్చి, దాని మీద నంబరు చూసి, లోపల మనిషి అవశేషాలేవీ లేవని నిర్ధారించుకుని, మంటకి సగం కరిగి మసకబారిన దాని ముందు పలకని ఊడదీసి, మీ పరిశోధనకి పనికొస్తుందేమో చూడండని హైమవతికి పంపారు. పంపినవాళ్లకి తెలీదు. ఆ నంబరు ఆవిడకి పెళ్లిరోజు కంటే బాగా గుర్తు.

డెబ్భై ఒకటి డిసెంబర్ యుద్ధంలో ఆ బాంబర్‌లో వెళ్లినవాళ్లు ఇద్దరు. నడిపినవాడు ఆవిడ భర్త పినాకపాణి. దారి చెప్పినవాడు ఆవిడ తమ్ముడు గిరిధర్. వచ్చినవాడు ఒక్కడు.

అసలు ఆ పెళ్లి కుదిర్చిందే గిరి. "అక్కా, నా పైలట్ ఒకడున్నాడు. మాట్లాడడు, తాగడు, నవ్వడు. మొగుడికి ఇంతకంటే లక్షణాలేం కావాలి?" అని పట్టుబట్టి చేశాడు. అంత గొంతు, అంత నోరు మరొకడికి లేదు. "మాది బాంబర్ కాదక్కా, బొంగరం. తిరిగి తిరిగి ఎక్కడో పడుతుంది," అనేవాడు. ఆ విమానంలో పైలట్‌కి మాత్రమే, మీట లాగితే మనిషితో సహా పైకి ఎగిరిపోయే సీటు ఉండేది. దారి చెప్పేవాడు ముక్కులో బోర్లా పడుకుని, నుదురు ఆ పలకకి ఆనించి పటం చూసుకోవాలి. ప్రమాదమొస్తే పక్కనున్న చిన్న తలుపు తెరుచుకుని తనంతట తనే దూకాలి. దానికీ ఒక మాట తయారు గిరి దగ్గర: "బావకి ఎగిరే సీటు, నాకు చిరిగే చీటీ. అందరికీ దిక్కులు చెప్పేవాడికి దిక్కు లేదు!"

పెళ్లిలో అలక పాన్పు మీద కూర్చోబెడితే పాణికి అలగడం చేతకాలేదు. ఏం కావాలయ్యా అంటే "మంచినీళ్లు" అన్నాడు. పందిరంతా గొల్లుమంది. గిరి బావని పక్కకి తోసి, తనే పాన్పెక్కి, "లే బావా, నీ అలక నేనలుగుతాను," అని స్కూటర్ అడిగాడు. ఇచ్చారు కూడా.

ఆ అలక విమానంలోకీ ఎక్కింది. ఇద్దరి మధ్యా మాటలు నడిచే తీగ ఒకటుంటుంది. శిక్షణకి ఎగిరే రోజుల్లో పాణి ఏదైనా విసుక్కుంటే గిరి టక్కున ఆ తీగ పీకేసేవాడు. కాసేపటికి మళ్లీ పెట్టుకుని, "బావా, ఉన్నావా?" అనేవాడు. పాణి పలకడు. పలికితే ఓడినట్టు. ఓడినవాడు తర్వాతి సారి గెలిచినవాడి పారాచూట్ విమానందాకా మోయాలి. మాటకారి గిరి పది రకాలుగా కవ్వించేవాడు. మౌనసింహం పాణి గొంతు విప్పేవాడు కాదు. ఆ ఆటలో పాణి ఓడినట్టు దాఖలా లేదు.

సముద్రంలోంచి పాణిని ఎవరో పడవవాళ్లు ఎత్తి తెచ్చారు. ఎగిరే సీటు తోపుకి వెన్ను అణిగిపోయి, మనిషి ఒక బెత్తెడు పొట్టి అయ్యాడు. అప్పట్నుంచి వీపున్న కుర్చీలో కూర్చోడు. కుర్చీ కోసం కొట్టుకు చచ్చే దేశంలో, కుర్చీ అంటే పడని మనిషి. ఇంట్లో ఆయనకో స్టూలు. బస్సులో నిలబడే ప్రయాణం. ఏం జరిగిందని ఎవరడిగినా, విచారణలో అడిగినా, ఒకటే జవాబు: గుర్తు లేదు.

అడగాల్సినావిడ వేరే ఉంది. హైమవతి తల్లి సుభద్రమ్మ. ఆవిడకి గిరి తర్వాత మగదిక్కు అల్లుడే. ఏటా గిరి తద్దినం పెట్టేది ఆయనే. విస్తరి ఎత్తాక ఆవిడ గుమ్మం దగ్గర కూర్చుని, ఏటా ఆ ఒక్క ప్రశ్నే అడిగేది.

"బాబూ, మావాడు నిన్ను పిలిచాడా?"

"గుర్తు లేదు అత్తయ్యా."

"పిలిచే ఉంటాడు. వాడు నోరు మూసుకుని ఏ పనీ చెయ్యలేదు పుట్టాక. పిలిస్తే నువ్వు పలికావా అని."

"గుర్తు లేదు అత్తయ్యా."

ఇరవై ఏడేళ్లు. ఆవిడ కళ్లు పోయాయి, పళ్లు పోయాయి, ప్రశ్న పోలేదు. తల్లి అడిగే ఆ ప్రశ్న హైమవతి ఒక్కసారీ అడగలేదు. అడక్కుండానే ఆ మనిషికి వండిపెట్టింది, ఆ మనిషి పక్కన పడుకుంది. ఇప్పుడు జవాబు తన బల్ల మీదే ఉంది, మసకమసగ్గా, విస్తరంత పలక.

"మేడమ్, ఇది వేరేవాళ్లెవరైనా చేస్తే..." అంది ఫిలోమినా.

"వేరేవాళ్లకి వాడి జోకులు అర్థం కావు," అని హైమవతి దీపం వెలిగించింది.

మొదటి పొరలో ఉన్నది గాలి హోరు, ఆ వెంటనే నీళ్లు. సముద్రం మింగిన చప్పుడు. ఆ తర్వాతి పొరలో పెద్ద పేలుడు, దాని వెనకే అదే గాలి హోరు.

"కూలిన చప్పుడు మేడమ్," అంది ఫిలోమినా చెవులు మూసుకుని.

మూడో పొరలో మనిషి గొంతు. ఒక్క మాట. "హమ్మయ్య." దాని వెంట చిన్న నవ్వు.

హైమవతి స్టూలు అంచు పట్టుకుంది. అదే నవ్వు. ముక్కుతో మొదలెట్టి నోటితో ముగించే నవ్వు. పాన్పు మీద స్కూటర్ తాళం అందుకున్నప్పటి నవ్వు. మంటల్లో కాలుతున్న విమానంలో హమ్మయ్య ఏమిటి? మతి పోయిందా వీడికి?

నాలుగో పొర కరిగింది. టేపు తిరగేసి పెట్టారు. టక్. తీగ పెట్టుకున్న చప్పుడు. తర్వాత గిరి, చాలా మెల్లగా, ఎప్పుడూ లేనంత మెల్లగా: "బావా, ఉన్నావా?"

హోరు.

"బావా?"

హోరు తప్ప ఏమీ లేదు.

ఫిలోమినా టేపు ఆపింది. ఆవిడ వైపు చూసే ధైర్యం లేక కిటికీలోంచి సముద్రాన్ని చూసింది.

హైమవతి ఇంటికొచ్చేసరికి పాణి పెరట్లో మునగచెట్టు కింద స్టూలు వేసుకుని, అత్తగారికి చిక్కుళ్లు వలిచి పెడుతున్నాడు. ముసలావిడ పక్కన మంచమ్మీద ఉంది. పలక వచ్చిన సంగతి ఇద్దరికీ ముందే తెలుసు.

"వచ్చావుటే? మావాడేమన్నా మాట్లాడాడా?"

"ఇంకా లేదమ్మా. సముద్రం చప్పుడే వస్తోంది."

పాణి తలెత్తలేదు. హైమవతి కాళ్లు కడుక్కోవడానికి నూతి దగ్గరికెళ్తే, వెనకాలే వచ్చి నీళ్లు తోడి పోశాడు. చేంతాడు చుట్టబెడుతూ అడిగాడు.

"పెద్ద చప్పుడు ఏదైనా వచ్చిందా?"

"వచ్చింది."

"ముందా, తర్వాతా?"

"దేనికి ముందు? దేనికి తర్వాత?"

ఆయన బకెట్ తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు అన్నం దగ్గర ఆవిడ ఆయనకి వడ్డించలేదు. గిన్నెలు ఎదురుగా పెట్టి లేచిపోయింది. పెళ్లయ్యాక అదే మొదలు. ఆయన వడ్డించుకోలేదు.

పిలిచాడు. పలకలేదు. అమ్మ ప్రశ్నకి జవాబు దొరికింది; ఆ జవాబుతో ఒకే ఇంట్లో ఎలా బతకడం అన్నదానికి దొరకలేదు. ఇక మిగతా పొరలు కరిగించి మాత్రం వినేదేముంది అనుకుంది. కానీ శాస్త్రజ్ఞురాలి ప్రాణం సగంలో వదలదు. తమ్ముడి గొంతు మీద ఆశ అసలే వదలదు.

ఐదో పొరలో గిరి గొంతు ఖంగున మోగింది. "బావా, తలుపు వచ్చేసింది! దూకేస్తున్నా. నువ్వూ వచ్చెయ్, కింద కలుద్దాం!" ఆ తర్వాత టక్. తీగ పీకిన చప్పుడు.

ఆరో పొరలో ఇనుము మీద ఇనుము దబదబా బాదుడు. గొణుగుడు. తనలో తను. "రాదే! రాదేం? ఛ, మా అక్క మూతిలా బిగుసుకుపోయింది..." మళ్లీ బాదుడు. ఆయాసం.

ఫిలోమినా కుర్చీలోంచి ఎగిరి లేచింది. కళ్లనిండా నీళ్లు, మొహంనిండా నవ్వు. "మేడమ్! తలుపు రాలేదు! వచ్చిందని అబద్ధం చెప్పారు! సార్ ఆ మాట నమ్మి దూకేశారు! ఆ తర్వాత తీగ పెట్టుకుని, బావా ఉన్నావా అని చూశారు. జవాబు లేదు. అందుకే హమ్మయ్య! సార్ తప్పేం లేదు మేడమ్!"

హైమవతికి గుండెల మీంచి రోకలి దింపినట్టయింది. పిచ్చి గిరి. వెధవ గిరి. పుట్టాక ఆడిన అబద్ధాలన్నీ ఆ ఒక్క అబద్ధం కోసం సాధన కాబోలు. ఇన్నాళ్లూ ఆ మహానుభావుడు ఏమీ తెలియక కుమిలిపోయాడు. ఇంటికెళ్లి కంచంలో నెయ్యి వేసి మరీ వడ్డించాలనుకుంది.

"ముక్కలన్నీ అసలు వరసలో అతుకుదాం ఉండు. అమ్మకి వినిపించాలిగా."

అతికారు. పెట్టారు. చివరి మాట చివరకి, మొదటి మాట మొదటికి వచ్చాయి. బాదుడు, గొణుగుడు. తలుపు వచ్చేసింది, దూకేస్తున్నా. టక్. హోరు. టక్. బావా, ఉన్నావా. బావా. హమ్మయ్య. నవ్వు. పేలుడు. గాలి. సముద్రం.

ఫిలోమినా కళ్లు తుడుచుకుంటోంది. హైమవతి మళ్లీ పెట్టమంది. మళ్లీ. మూడోసారి పేలుడు దాటాక తనే టేపు ఆపింది.

కూలిన చప్పుడైతే దాని తర్వాత నీళ్లుండాలి. ఇక్కడ పేలుడుకీ నీళ్లకీ మధ్య గాలి ఉంది. మామూలు గాలి కాదు, ఇంటి పైకప్పు ఎగిరిపోతే లోపలికి దూసుకొచ్చే గాలి. విమానం పైకప్పు ఎగిరిపోయింది. మీట లాగితే ఎగిరే సీటు అప్పుడు ఎగిరింది. అంతకు ముందు కాదు. గిరి "దూకేస్తున్నా" అన్నాక వెంటనే పేలుడు లేదు. పిలిచినప్పుడు లేదు. నవ్వినప్పుడు లేదు. నవ్విన తర్వాతే ఉంది.

బావా ఉన్నావా అన్నప్పుడు, బావ ఉన్నాడు.

ముందా, తర్వాతా అని నూతి దగ్గర అడిగింది అందుకే.

"ఏమైంది మేడమ్?"

"ఏం లేదు. ఆ గాలి ఉన్న ముక్కని ఒకసారి వడకట్టి చూద్దాం. హోరు తగ్గించు."

పేలుడు తర్వాత గిరి బతికే ఉన్నాడు కదా. ఆ పేలుడు వాడూ విన్నాడు కదా. బావ అప్పటిదాకా అక్కడే, తన తల మీదుగా రెండు బారల దూరంలో, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడని వాడికప్పుడు తెలిసింది కదా. తెలిసి, ఏమనకుండా ఉండే నోరా అది?

హోరు తగ్గిస్తూ పోయారు. గాలి ఈలయింది, ఈల సన్నబడింది. అడుగున, మంచం కింద నక్కిన పిల్లిలా, మాట దొరికింది.

ఆ ముక్కని హైమవతి తన చేత్తోనే టేపులో అతికించింది.

మర్నాడు పొద్దున్నే భర్తని ప్రయోగశాలకి తీసుకొచ్చింది. రానన్నాడు, చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించింది. ఫిలోమినాని బయటికి పంపి తలుపు వేసింది. స్టూలు కోసం చూస్తే దాని మీద సామాను ఉంది. ఉన్నది వీపున్న కుర్చీ ఒక్కటే. ఆయన గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"నేను ఏమీ అడగను," అంది హైమవతి. "విను చాలు." ఎప్పుడూ మీరు అనే మనిషిని నువ్వు అన్నానని ఆవిడకి తెలియనే లేదు.

టేపు తిరిగింది. బాదుడు వినగానే ఆయన కళ్లు మూసుకున్నాడు. అక్క మూతి అన్న మాట దగ్గర ఆయన పెదవి కదిలింది. "దూకేస్తున్నా" అన్నప్పుడు చెయ్యి గోడ మీద బిగుసుకుంది. టక్. హోరు. మళ్లీ టక్.

"బావా, ఉన్నావా?"

పినాకపాణి నోరు తెరిచాడు. ఎండిపోయిన నూతిలోకి చేద దించినప్పుడు వచ్చేలాంటి చప్పుడొకటి గొంతులోంచి వచ్చింది.

"ఉన్నాన్రా."

"బావా?" అంది టేపు.

"ఉన్నాన్రా గిరీ! ఇక్కడే ఉన్నాను! ఉన్నాను!"

టేపుకి చెవులుండవు. హమ్మయ్య అంది. నవ్వింది. పేలుడు రాబోతోందని తెలిసి ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు. పేలింది. హైమవతి ఆయన చేతులు బలవంతాన పీకేసింది.

"ఇంకొక్క మాట ఉంది. విను."

సన్నబడ్డ గాలి. గాలి అడుగున, అరుస్తున్న గిరి. కోపం లేదు. ఏడుపు లేదు. పందెంలో ఓడినవాడి ఉక్రోషం, నవ్వు, రెండూ కలిసి.

"గెలిచావు బావా! ఒరినీ... గెలిచావు!"

ఆ తర్వాత సముద్రం.

పాణి గోడ వదిలేశాడు. కూలబడ్డాడు. కూలబడింది కుర్చీలో. వీపు దానికి ఆనింది. ఆయన గమనించలేదు.

"అబద్ధమని తెలుసు హైమా," అన్నాడు. "తలుపు తెరుచుకుంటే గాలి రావాలి, రాలేదు. నాకు తెలుసు. దిగనా, ఉండనా అనుకుంటుంటే పిలిచాడు. పలికితే ఉండిపోవాలి. ఇద్దరం పోవాలి. నోరు రాలేదు. వాడు హమ్మయ్య అన్నాడు. అంత సంతోషంగా అన్నాడు. ఇంక పలకలేకపోయాను. మీట లాగేశాను. ఆ చప్పుడు వాడు వినకుండా ఉంటే బాగుండునని... రోజూ అదే అనుకున్నాను. మరేమీ అనుకోలేదు."

ఆ మౌనం దయో, భయమో ఆవిడకి తేలలేదు. అది తేల్చే యంత్రం ఆవిడ కనిపెట్టలేదు, మరెవరూ కనిపెట్టలేరు. ఆయన భుజం మీద వేసిన చెయ్యి నొక్కనూ లేదు, తియ్యనూ లేదు.

వెళ్లబోతుంటే ఫిలోమినా గుమ్మం దగ్గర ఆపింది. "మేడమ్, పలకలో ఇంకా పొరలున్నాయి. అడుగున మసగ్గానే ఉంది. దీపం పెట్టమంటారా?"

"వద్దు. గుడ్డ కప్పి బీరువాలో పెట్టు. వాడు చెప్పాల్సినవి ఇంకా కొన్ని ఉన్నాయనుకుంటే నాకు బావుంటుంది."

ఇంటికొచ్చేసరికి సుభద్రమ్మ పెరట్లో మంచం మీద, చూపులేని కళ్లు గుమ్మం వైపు పెట్టుకుని కూర్చుంది. ఆవిడ చెవులకి మటుకు ఏ దోషమూ లేదు. రెండు జతల చెప్పుల చప్పుడూ గుర్తుపట్టింది.

"ఇద్దరూ వచ్చారుటే? మాట్లాడాడా?"

"మాట్లాడాడమ్మా."

"ఏమన్నాడు?"

"నా మూతి బిగుసుకుపోయి ఉంటుందన్నాడు."

ముసలావిడ బోసినోటితో నవ్వింది. "వాడే. ముమ్మాటికీ వాడే." నవ్వు సగంలో ఆగింది. తడుముకుంటూ కూతురి చెయ్యి పట్టుకుంది. "బావని పిలిచాడా?"

నూతి దగ్గర నీళ్లు తోడుతున్న పాణి బకెట్ పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.

"పిలిచాడమ్మా."

"మరి ఈయన? పలికాడా?"

హైమవతి నూతి వైపు చూసింది. ఆయన చేతిలో బకెట్ ఒరిగి, నీళ్లు పాదాల మీంచి మునగచెట్టు మొదలు దాకా పారుతున్నాయి.

"పలికాడమ్మా," అంది. "నేను విన్నాను."